కత్తెర కన్నా ముందు సూది

పాత జీన్సు ప్యాంటు కనిపిస్తే చాలు, దాన్ని సంచి చేసెయ్యాలని మనవాళ్ళకి ఎందుకంత తొందరో నాకు అంతుపట్టదు. ఈమధ్య మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తెగ తిరిగింది. ఒకే ప్యాంటులోంచి చేతిసంచీ, పెన్నులు పెట్టుకునే గొట్టం, ఫోను తొడుగు, గోడకి వేలాడేసే జేబుల వరస, ఆఖరికి నడుంపట్టీతో కుక్క మెడకి పట్టీ. చేసినావిడ చెయ్యి తిరిగిన మనిషి. కుట్టులో వంక పెట్టడానికి లేదు. కానీ కత్తెర వెయ్యకముందు ఆ ప్యాంటుని అటూ ఇటూ తిప్పి చూపించింది కదా, అప్పుడు చూశాను. మోకాలి దగ్గర రూపాయి బిళ్ళంత చిరుగు. దానికున్న జబ్బల్లా అదే.

కింద అందరూ "సూపర్ అక్కా" అని పెట్టారు. నేనూ ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాను. గ్రూపులో అనలేకపోయింది ఇక్కడ అంటున్నాను.

ప్యాంటు ప్యాంటుగా పనికొచ్చినన్నాళ్ళు దాన్ని ప్యాంటుగానే ఉంచాలి. ముందు బాగుచెయ్యాలి. ఇంట్లో ఒకరికి చాలకపోతే ఇంకొకరి ఒంటికి సరిచెయ్యాలి. రెండూ కుదరనప్పుడే కత్తెర. "పాతవాటికి కొత్త ప్రాణం" అంటూ వచ్చే వీడియోలన్నీ కత్తెరతోనే మొదలవుతాయి. ఎందుకో ఊహించడం కష్టం కాదు. సంచి తయారైతే చూపించడానికి ఒక కొత్త వస్తువు ఉంటుంది. అతుకు బాగా కుదిరితే చూపించడానికి ఏమీ ఉండదు.

ఇంటికి ఎన్ని సంచులు కావాలి? జీన్సు సంచి ఒకటుంటే మేలే, ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ ఎంత బరువైనా మోస్తుంది. రెండోది బీరువా మీదికి చేరుతుంది. దాని బరువే దానికో ఇబ్బంది, వానాకాలంలో తడిస్తే ఆరదు, ముదురు నీలమైతే తెల్లచొక్కా పక్కన రాసుకుని రంగంటుతుంది. పైగా వీడియోల్లో సంచికి వాడేది ప్యాంటు పైభాగం, జేబులు అందంగా ఉంటాయని. ఎక్కువ అరిగిపోయేదీ ఆ భాగమే. మోకాలి కింద వెనకవైపు గుడ్డ కొత్తదానిలా ఉంటుంది. దాన్ని ముక్కలంటూ పక్కకి తోసేస్తారు.

మా వీధికి ఒక స్టీలు సామాన్ల ఆవిడ వస్తుంది. నెత్తిన గంప, భుజాన పాతబట్టల మూట. ఆమె ప్యాంటుని చూసే తీరు ఏ బట్టలకొట్టులోనూ చూడలేదు నేను. ముందు జిప్పు పైకీ కిందికీ లాగుతుంది. తర్వాత లోపలి వైపు తిప్పి, రెండు కాళ్ళూ కలిసేచోట గుడ్డని వెలుతురుకి పట్టుకుంటుంది. పలచబడిందంటే పక్కన పడేస్తుంది. "తొడలు పోయినాయి మా, దీనికి గంటె కూడా రాదు." ఒకసారి నేను అతుకేసిన ప్యాంటు ఒకటి ఆ కుప్పలోకి వెళ్ళింది. అతుకుని తడిమింది, రెండు చేతులా లాగింది, "ఎవురు కుట్టినారు?" అని అడిగి మూటలో వేసుకుంది. ఒక చిన్న టిఫిను డబ్బా ఇచ్చింది. సరదాకి బీరువా మీది సంచి కూడా చూపించాను. నవ్వింది. "సంచి ఎవురు కొంటారు మా? ప్యాంటైతే సంతలో పోతాది."

నా వాదనకి ఇంతకన్నా గట్టి సాక్షి దొరకదు. నిలబడే ప్యాంటుకి మన గడప దాటాక కూడా దారుంది. ఏ మెకానిక్కో, సిమెంటు పనివాడో దాన్ని వేసుకుని ఇంకో రెండేళ్ళు పనిచేస్తాడు. కత్తిరించిన ప్యాంటు ప్రయాణం మన బీరువా మీదే ముగుస్తుంది.

పడుగు నీలం, పేక తెలుపు

జీన్సు చిరుగు ఎలా పుడుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. ఈ గుడ్డలో పడుగుకి, అంటే నిలువు పోగులకి, మాత్రమే నీలిరంగు. పేక, అంటే అడ్డపోగు, తెల్లగానే ఉంటుంది. నేతలో ఒక్కో పడుగు పోగు మూడు పేకల మీదుగా దాటి ఒకదాని కిందికి దూరుతుంది. అందుకే పైన నీలం, లోపల తెలుపు. రాపిడంతా పైకి తేలిన నీలం పోగులదే. ముందు అవి తెగుతాయి. తెల్ల పేకలు అడ్డంగా వేలాడుతూ మిగులుతాయి. మోకాళ్ళ దగ్గర కనిపించే తెల్ల దారాల జల్లెడ ఇదే. అంటే కన్నం ఇంకా పూర్తిగా పడలేదు. ఆ పేకలుండగానే మొదలుపెడితే వాటినే ఆధారం చేసుకుని కుట్టొచ్చు. చాలామంది ముందుగా ఆ దారాల్ని కత్తిరించి శుభ్రం చేశామనుకుంటారు. చిరుగుకి అంతకన్నా చేటు చేసేది లేదు.

దారం కొనేటప్పుడు అందరూ ముదురు నీలం అడుగుతారు. కుట్టాక అది గీతల్లా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నీలిమందు పోగు నడిమధ్య దాకా ఇంకదు, పైపొరకే పడుతుంది. అందుకే అరిగేకొద్దీ లోపలి తెలుపు బయటపడి గుడ్డ బూడిదరంగులోకి తిరుగుతుంది. కాబట్టి దారం కూడా బూడిద కలిసిన నీలం ఉండాలి. అనుమానంగా ఉంటే ఒక మెట్టు లేతదే తీసుకోండి.

మన ఇళ్ళలో జీన్సు పోయేది మూడు నాలుగు చోట్లే. బండి నడిపే మగవాళ్ళకి తొడల మధ్య. పిల్లలకి మోకాళ్ళు. మా అమ్మాయికి ఫోను పెట్టుకునే జేబు మూల, ముందు ఫోను ఆకారంలో తెల్లటి చట్రం పడుతుంది, తర్వాత దాని మూలలోనే కన్నం. పొడుగు ప్యాంట్లు వేసుకునేవాళ్ళకి మడమ కింద అంచు, చెప్పుల కింద నలిగి.

ఒక ముచ్చట. జీన్సు పుట్టిందే జేబు చిరుగుల బాధలోంచి. అమెరికాలో రీనో అనే ఊళ్ళో జేకబ్ డేవిస్ అనే టైలరు ఉండేవాడు. కూలిపని చేసే తన భర్త ప్యాంట్లు నిలవడం లేదు, గట్టివి కుట్టిపెట్టమని ఒకావిడ అడిగితే, జేబు మూలల్లో రాగి రివెట్లు కొట్టి ఇచ్చాడు. లీవై స్ట్రాస్‌తో కలిసి 1873లో దానికి పేటెంటు తీసుకున్నాడు. చిరిగాక కుట్టడం కన్నా చిరిగే చోటు ముందే కనిపెట్టడం ఆ టైలరు తెలివి. నేను చేసేదీ అదే, రివెట్లు లేకుండా. కొత్త ప్యాంటు రాగానే ఫోను జేబు మూలకి లోపల చిన్న గుడ్డముక్క పెట్టి నాలుగు కుట్లు వేస్తాను.

తొడల దగ్గర పని కొంచెం ఓపికది. గుడ్డ పలచబడిందని చేతికి తెలియగానే, చిరగకముందే, లోపలివైపు ఇంకో పాత జీన్సు ముక్క పెట్టి చేతికుట్టుతో నిలబెట్టుకోవాలి. ముక్క అంచులు మడవకూడదు, మడిస్తే ఆ మందం నడుస్తుంటే ఒరుసుకుంటుంది. పోగులు ఊడకుండా అంచు చుట్టూ దారం వేసే ఓవర్‌లాక్ కుట్టు చాలు. తర్వాత మిషను మీద ముందుకీ వెనక్కీ వరసలుగా, గుడ్డ మీద కనిపించే ఏటవాలు గీతల వెంటే కుట్టుకుంటూ పోవాలి. అడ్డంగా కుడితే అతుకు తెలిసిపోతుంది, నిలవదు కూడా. సూది 16 నంబరు, కుట్లు కలిసే మందం దగ్గర 18. ఆ మందాన్ని ముందు సుత్తితో మెల్లగా కొట్టి అణిచి, మోటారు ఆపి, చక్రం చేత్తో తిప్పుకుంటే సూది విరగదు. మా అత్తగారి నల్ల ఇనప తొక్కుడు మిషను ఈ మందాన్ని లెక్కచెయ్యదు. తేలికైన ప్లాస్టిక్ మిషన్లు మొరాయిస్తాయి.

మోకాలి దగ్గర ఇంకో చిక్కు. కాలు గొట్టంలా ఉంటుంది, మిషను చెయ్యి అందులో దూరదు. కాలి పక్క కుట్ల లోపలివైపు చూస్తే చాలా ప్యాంట్లకి ఒక పక్కన రెండు వరసల మడతకుట్టు, రెండో పక్కన ఉత్త ఓవర్‌లాక్ ఉంటాయి. ఓవర్‌లాక్ ఉన్నవైపు జానెడు విప్పి, కాలుని పరిచి, అతుకేసి, మళ్ళీ మూసెయ్యాలి. విప్పడానికే సగం సమయం. అందుకే టైలర్లు ఈ పని వద్దంటారు, లేదా ఎక్కువ అడుగుతారు. అడగడంలో తప్పేం లేదు.

టైలరు ఎందుకు వద్దన్నాడు

మా వీధిలో ఇప్పుడున్న ఆల్టరేషన్ అబ్బాయి పొడవు తగ్గిస్తాడు, జిప్పు మారుస్తాడు. అతుకు మాత్రం ముట్టుకోడు. "సూదులు విరుగుతాయి మేడం" అంటాడు. ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 1995లో అరవింద్ మిల్స్ వాళ్ళు రఫ్ అండ్ టఫ్ అని జీన్సుని కుట్టకుండానే అమ్మారు. ప్యాంటుకి సరిపడా గుడ్డ, జిప్పు, రివెట్లు, లేబులు అన్నీ ఒకే ప్యాకెట్లో. మిగతాది మీ వీధి టైలరు పని. మా చిన్నాన్న ఆ ప్యాకెట్ పట్టుకెళ్ళి కుట్టించుకున్న ప్యాంటు నాకింకా గుర్తుంది. కాళ్ళు కొంచెం వదులు, కుట్లు మాత్రం ఇనుమే. కుట్టినవాడికి ఏ కుట్టు ఎక్కడ విప్పాలో తెలుసు కాబట్టి బాగుచెయ్యడమూ వాడికే తెలిసేది. రెడీమేడ్ వచ్చాక కుట్టడం ఫ్యాక్టరీకి పోయింది, దాంతోపాటే బాగుచేసే విద్యా వీధిలోంచి పోయింది.

ఆ ఫ్యాక్టరీ కుట్టుపని మాకు మరీ దూరమేం పోలేదు. మా అనంతపురం జిల్లాలోనే రాయదుర్గం ఉంది. పక్కనున్న బళ్ళారిలాగే అక్కడ కూడా ఎన్నో కుటుంబాలు జీన్సు కుట్టే బతుకుతాయి. నాకు తెలిసినావిడ ఒకరు ఇంట్లోనే మిషను పెట్టుకుని పీసు లెక్కన జేబులు మాత్రమే కుడుతుంది. రోజంతా జేబులే. మోకాలి దగ్గర ఏ వైపు విప్పాలో నాకు చూపించింది ఆమే. ఆమెతోనే ఒకసారి నా వాదన చెప్పాను, అందరూ అతుకులేసుకుంటే ఎంత బాగుంటుందో అని. ఆమె తల ఎత్తకుండానే, "అందరూ అతుకులేసుకుంటే నా జేబులెవురికి మా?" అంది.

దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కటి మాత్రం అనిపిస్తుంది. జేబులు మాత్రమే కుట్టడం కన్నా ప్యాంటు మొత్తం చూసి బాగుచెయ్యడం పెద్ద పని, ఎక్కువ డబ్బు రావలసిన పని. ఆమెకి అది చేతనవును కూడా. కానీ అతుక్కి వంద రూపాయలడిగితే "ఇంకో మూడొందలేస్తే రోడ్డు మీద కొత్తదొస్తుంది" అనే మనం ఉన్నంతకాలం ఆమె జేబులే కుడుతుంది.

అతుకు ఎవరికి అందం

మా అత్తగారికి చిరిగిన బట్ట ఇంట్లో ఉంటేనే దరిద్రం. ఒంటిమీద ఉండగా గుడ్డ కుట్టనివ్వరు, దీపాలు పెట్టాక సూది అప్పివ్వనివ్వరు. అలాంటావిడ ముందుకి మా మేనకోడలు రెండు మోకాళ్ళూ బయటపెట్టిన ప్యాంటులో వచ్చి కూర్చుంది. "ఎంతమ్మా ఇది?" అంటే రెండువేల చిల్లర చెప్పింది. ఆవిడ నా వైపు చూసి, "నువ్వు ఊరికే కుట్టి చెడగొడుతున్నావే" అన్నారు.

నవ్వుకున్నాం గానీ, ఆ చిరుగు వెనక కథ నవ్వేది కాదు. కొత్త గుడ్డని పాతదానిలా చెయ్యడానికి ఎవరో ఒకరు దాన్ని రాకుతారు, గీకుతారు, మందు చల్లుతారు. ఇసుకని గాలితో బలంగా కొట్టి జీన్సుకి వెలిసిన రంగు తెప్పించే పనిలో టర్కీలో కుర్రవాళ్ళు ఊపిరితిత్తుల్లో సిలికా ధూళి చేరి చనిపోయారు. 2009లో ఆ దేశం ఆ పద్ధతిని నిషేధించింది. మా ఆయన బండి మీద తిరిగి ఊరికే తెచ్చే అరుగుదల కోసం అంత జరిగిందంటే చెప్పడానికి మాటలుండవు.

అయితే అతుకంటే అందరికీ ఒకటే కాదు. ఈ మాట నాకు మా ఇంట్లో పనిచేసే అమ్మాయి దగ్గర తెలిసింది. మా అబ్బాయికి పొట్టిదైన ప్యాంటుకి, మోకాలి దగ్గర ఎరుపు నీలం దారాలతో వరసకుట్లు వేసి నేను ముచ్చటగా చేశాను, దాన్ని ఆమె కొడుక్కి ఇవ్వబోయాను. జపాన్‌వాళ్ళ సాషికో కుట్టు చూసి సరదాపడి వేసిన కుట్లవి. ఆమె తీసుకుని, మడిచి, మళ్ళీ నా చేతికిచ్చింది. "బాగుందమ్మా. కానీ మావాడు వేసుకుంటే అతుకంటారు, మీ బాబు వేసుకుంటే ఫ్యాషన్ అంటారు." ఆ కుట్లన్నీ విప్పి, లోపల ముక్క పెట్టి, బూడిదనీలం దారంతో మళ్ళీ కుట్టాను. అప్పుడు తీసుకుంది.

అందుకే కనిపించే అతుకుల మీద ఇప్పుడు వస్తున్న మోజు నన్ను పెద్దగా కదిలించదు. బొంతలు కుట్టిన ఇళ్ళవాళ్ళం, మాసికలు మనకి కొత్త కాదు. ఇంకెవరూ పేదవాళ్ళనుకోరనే ధీమా ఉన్నవాళ్ళకి రంగుల అతుకు సరదా. మిగతావాళ్ళకి కనిపించని అతుకే మర్యాద. నేను కనిపించనిదానికే ఓటేస్తాను.

దానికింకో కారణం కూడా ఉంది. బాగుచేసిన ప్యాంటుకి మనం వెంటనే ఉద్యోగం మారుస్తాం. బయటికి వేసుకునేది కాస్తా "ఇంట్లో వేసుకునేది" అవుతుంది, బయటికి కొత్తది కొంటాం. అప్పుడు నా కుట్టు వల్ల మిగిలిందేమిటి? లీవైస్ వాళ్ళు 2015లో వేసిన లెక్క ప్రకారం వాళ్ళ 501 రకం జీన్సు ప్యాంటు ఒకటి పత్తిచేను నుంచి పారేసేదాకా 3,781 లీటర్ల నీళ్ళు తాగుతుంది. అందులో మూడింట రెండు వంతులు పత్తి చేలోనే. అతుకేసిన ప్యాంటు కొత్త ప్యాంటుని ఆపితేనే ఆ నీళ్ళు మిగిలినట్టు. ఆపకపోతే నేను సూదీ దారంతో ఆడుకున్నట్టు. ఆఫీసుకి వేసుకెళ్ళేంత బాగా కుదిరితేనే ఆపుతుంది. మా ఆయన విషయంలో కొన్నిసార్లు ఆపింది, కొన్నిసార్లు పండగ ఆఫర్లు గెలిచాయి.

మా వదిన మాట

మా వదిన బ్యాంకులో పనిచేస్తుంది. ఇదంతా విని ఒక్కటే అడిగింది. "మీ అన్నయ్య ప్యాంటు నేనెందుకు కుట్టాలి?"

గట్టి ప్రశ్న. పొదుపు, పర్యావరణం అని ఎన్ని పేర్లు పెట్టినా ఇంట్లో సూది పట్టేది ఆడవాళ్ళే. వీడియోల్లో "ఖాళీ సమయంలో" అంటారు, ఆ ఖాళీ ఎవరిదో చెప్పరు. నాకు కుట్టడం ఇష్టం కాబట్టి చేస్తున్నాను, ఇష్టం లేనివాళ్ళని చెయ్యమనే హక్కు నాకు లేదు. మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టాను. విప్పే పని ప్యాంటు ఎవరిదైతే వాళ్ళదే. టీవీ చూస్తూ కుట్టు విప్పడం మా అబ్బాయికి బాగానే అలవాటైంది, మా ఆయనకి ఇప్పటికీ దారం దొరకదు. వదినకి మాత్రం డబ్బిచ్చి చేయించమన్నాను. డబ్బిచ్చి బాగుచేయించినా బాగుచేసినట్టే. అతుకు వెయ్యగల మనిషి దొరికితే ఆ మనిషిని వదలకండి, బేరం ఆడకండి.

కత్తెరకి నేను శత్రువునేం కాదు. పెద్దవాళ్ళ ప్యాంటు నడుం భాగం పూర్తిగా పోయాక, కాళ్ళలోంచి చిన్నపిల్లలకి బంగారం లాంటి నిక్కర్లొస్తాయి. మా చెల్లెలి కూతురికి మా ఆయన ప్యాంటు కాళ్ళతో పినఫోర్ కుట్టాను. మోకాలి కింద వెనక గుడ్డ కాబట్టి రంగు కూడా దిగలేదు. కింది పాత అంచు అలాగే ఉంచితే కొత్తగా మడిచే పని లేదు. ఎదిగే పిల్లల ప్యాంటుకి పక్క కుట్టులో నడుం నుంచి కిందికి సన్నగా దిగే ముక్క కలిపితే ఇంకో ఏడాది వస్తుంది. పొడవు దించితే మాత్రం పాత మడత గీత తెల్లగా నిలిచిపోతుంది, ఎన్ని ఉతుకులేసినా పోదు. దాని మీద ఒక పట్టీ కుట్టెయ్యడమే. అన్నీ అయ్యాక మిగిలిన పీలికలు వంటింట్లో మసిగుడ్డలు. పూర్తి కాటన్‌వైతేనే. పాలిస్టర్ కలిసినవి వేడి గిన్నె దగ్గరికి రానివ్వకండి.

నా వాదన కుంటేది స్ట్రెచ్ ప్యాంట్ల దగ్గరే. వాటిలో సాగే పోగు మామూలుగా పేకలో ఉంటుంది. వేడినీళ్ళకీ, ఇస్త్రీకీ, వాడకానికీ అది తెగి, వెంట్రుకల్లా పైకి పొడుచుకొస్తుంది. గుడ్డ మోకాళ్ళ దగ్గర సంచిలా జారుతుంది. మామూలు జీన్సు ముక్కతో అతుకేస్తే అతుకు కదలదు, చుట్టూ ఉన్నది సాగుతుంది, అతుకు అంచునే కొత్త చిరుగు. సాగే ముక్కనే అదే దిశలో పెట్టి జిగ్‌జాగ్ వేస్తే కొంత నయం. మా ఇనప మిషనుకి జిగ్‌జాగ్ రాదు. స్టీలు సామాన్ల ఆవిడ కూడా వీటిని వేలితో లాగి చూసి వెనక్కిచ్చేస్తుంది.

అందుకని ఇప్పుడు కొనేటప్పుడే లోపలి లేబులు చదువుతున్నాం. నూరు శాతం కాటన్‌వి మగవాళ్ళ సెక్షన్లో వెతికితే దొరుకుతున్నాయి, ఆడపిల్లల వైపు నాకు దాదాపు కనిపించలేదు. మా అమ్మాయి మగపిల్లల ప్యాంటే కొనుక్కుంది. తుంటి దగ్గర సరిపోయింది, నడుం దగ్గర వదులు. వెనక మధ్య బెల్టు లూపు తీసి, నడుంపట్టీ విప్పి, నడిమి కుట్టులోంచి రెండంగుళాలు పట్టించి, పట్టీనీ లూపునీ మళ్ళీ పెట్టాలి. విప్పడం దాని వంతు. ఆదివారం కూర్చుంటామన్నాం.